టికెట్ కొనకుండా డిస్నీ వరల్డ్‌లో ఒక రోజు: ఉచిత వాహనాలెక్కి హోటళ్లు చూడాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గురువారం మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి, శనివారం ఎప్‌కాట్ పార్కుకి టికెట్లున్నాయి, మధ్యలో శుక్రవారం ఖాళీ. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, మీ దంపతులు కలిపి ఆరుగురు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇంటిల్లిపాదీ శాకాహారులు. బస డిస్నీ బయట, కిస్సిమ్మీలో. ఆ శుక్రవారం డిస్నీ హోటళ్లని వాళ్ల మోనోరైలు, పడవలు, బస్సుల్లోనే తిరిగి చూడొచ్చా, బయటివాళ్లని ఎక్కనిస్తారా, అన్నీ ఒక్క రోజులో అవుతాయా?

మామూలు రోజుల్లో ఎక్కనిస్తారు, టికెట్ అడగరు. లాబీలు, దుకాణాలు, రెస్టారెంట్లు ఎవరైనా చూడొచ్చు. ఈత కొలనులు మాత్రం అక్కడ దిగినవాళ్లకే. ఇక అన్నీ ఒక్క రోజులో చూడడం అయ్యే పని కాదు, ఆ ఆలోచన పెట్టుకోకండి. పాతికకు పైగా హోటళ్లు, సుమారు 40 చదరపు మైళ్ల స్థలం. నాలుగైదు హోటళ్లు నింపాదిగా చూస్తే రోజు నిండుతుంది. ఓర్లాండోలో ఉంటున్నందుకు మా ఇంటికి ఇండియా నుంచి ఏ చుట్టాలొచ్చినా వాళ్లని ఇలా తిప్పడం నా డ్యూటీ. పెద్దవాళ్లకి చాలాసార్లు పార్కు రోజుకన్నా ఈ రోజే ఎక్కువ నచ్చడం చూశాను. ఎండలో గంట క్యూ ఉండదు, తల తిరిగే రైడ్లుండవు, ఎక్కడ కావాలంటే అక్కడ చల్లటి లాబీలో కూర్చోవచ్చు. పార్కులో ఒక రోజు టికెట్ ధర 119 డాలర్ల దగ్గర మొదలై సెలవు రోజుల్లో 200 దాకానో, ఆ పైకో పోతోంది. ఆరుగురికి లెక్క మీరే వేసుకోండి.

కొత్తవాళ్లంతా ముందు నచ్చిన హోటళ్ల జాబితా రాసుకుని, ఆ తర్వాత దారి వెతుక్కుంటారు. ఇక్కడ అది పనిచేయదు. ఏ వాహనం ఎటు పోతుందో చూసుకుని, ఆ దారిలో ఉన్న హోటళ్లే చూడాలి. ఎందుకంటే ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. బస్సులన్నీ హోటల్ నుంచి పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ అనే దుకాణాలు, రెస్టారెంట్లుండే చోటుకో పోతాయి. మన ఆర్టీసీలో పక్క ఊరికెళ్లాలన్నా మండల కేంద్రం బస్టాండుకొచ్చి బస్సు మారాల్సి వచ్చినట్టే, ఇక్కడా ఏదో ఒక పార్కు బస్టాప్‌కొచ్చి మారాలి. ఆ బస్టాపులు గేటు బయటే ఉంటాయి కాబట్టి టికెట్ లేకపోయినా ఇబ్బంది లేదు. బస్సు ఇరవై నిమిషాలకోసారి అని అనుకోండి. ఎదురుచూపు, ప్రయాణం కలిపితే ఒక్కో మార్పుకి ముప్పావు గంట, ఒక్కోసారి గంట పోతుంది. అందుకే రోజుకి బస్సు మార్పు ఒక్కటే ఉండేలా చూసుకోవాలి. మిగతా తిరుగుడంతా మోనోరైలు మీద, నీళ్ల మీద జరిగిపోవాలి.

మ్యాపు చూసి చాలామంది పొరబడేది ఎప్‌కాట్ దగ్గర. మోనోరైలు ఎప్‌కాట్‌కీ పోతుంది, కేబుల్ కార్లు, అంటే స్కైలైనర్, కూడా ఎప్‌కాట్‌కి పోతాయి. 'మోనోరైలు దిగి స్కైలైనర్ ఎక్కేద్దాం' అనిపిస్తుంది. కానీ మోనోరైలు ఆగేది ముందు గేటు దగ్గర, స్కైలైనర్ ఆగేది వెనక వైపున్న ఇంటర్నేషనల్ గేట్‌వే దగ్గర. మధ్యలో ఉన్నది పార్కు. టికెట్ లేకుండా ఇటు నుంచి అటు దాటలేరు. కాబట్టి శుక్రవారం స్కైలైనర్ మాట మర్చిపోండి. దాన్ని శనివారానికి ఎందుకు పెట్టుకోమంటున్నానో కింద చెప్తాను.

కారు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సంగతి. డిస్నీ స్ప్రింగ్స్‌లో పార్కింగ్ ఉచితం, అక్కడి నుంచి ప్రతి హోటల్‌కీ బస్సు ఉంది కాబట్టి చాలామంది అక్కడే పెట్టమంటారు. ఆరుగురితో, అందులోనూ పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు నేనైతే పెట్టను. రోజు మొదట్లో ఒక బస్సు, చివర్లో అలసిపోయాక ఇంకో బస్సు అదనంగా పడతాయి. పైగా ఆ బస్సెక్కేముందు హోటల్ బుకింగో, భోజనం బుకింగో చూపించమనొచ్చు. హోటళ్ల సొంత పార్కింగేమో అక్కడ దిగినవాళ్లకి, అక్కడ తినడానికి బుక్ చేసుకున్నవాళ్లకి. భోజనం పేరు చెప్పి పొద్దున పెట్టిన కారు రాత్రి తీయడం పద్ధతి కాదు. అందుకని ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్, అందరూ టీటీసీ అనేచోట, డబ్బు కట్టి పెట్టేయండి. ముప్పై డాలర్లో, కాస్త అటూఇటుగానో అవుతుంది. ఈ రోజు మొత్తంలో తిండి కాక తప్పని ఖర్చు అదొక్కటే. దానికి బదులుగా మోనోరైలు, ఫెర్రీ రెండూ అక్కడి నుంచే బయల్దేరతాయి.

పొద్దున తొమ్మిదికల్లా టీటీసీలో ఉండండి. సంచులు తనిఖీ చేయించుకుని మోనోరైలు ఎక్కే చోటికి రాగానే రెండు వరసలు కనిపిస్తాయి. ఎక్స్‌ప్రెస్ అని రాసినది ఎక్కొద్దు, అది హోటళ్లలో ఆగదు. రిసార్ట్ లైన్ ఎక్కాలి. అది సెవెన్ సీస్ లగూన్ అనే చెరువు చుట్టూ ఒకే దిశలో తిరుగుతుంది: టీటీసీ, పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, మ్యాజిక్ కింగ్‌డమ్, కాంటెంపరరీ, మళ్లీ టీటీసీ. ఈ వరస గుర్తుంచుకుంటే చాలా నడక, చాలా టైము కలిసొస్తాయి.

పాలినీషియన్‌లో పొద్దున దిగకండి, దాని అందం సాయంత్రమే. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో దిగండి. 1988లో కట్టిన ఈ హోటల్ తెల్ల గోడలు, ఎర్ర కప్పులతో విక్టోరియన్ కాలం నాటి సముద్రతీరపు హోటల్లా ఉంటుంది. ఐదంతస్తుల ఎత్తు లాబీ, షాండిలియర్లు, ఫోటోలు, అరగంట చాలు. డిస్నీ హోటళ్లలో దీన్నే తలమానికం అంటారు. నాకు మాత్రం పెళ్లికి పిలిచిన ఫంక్షన్ హాల్లో మెట్ల పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. పిల్లలకి అక్కడ చూడ్డానికేమీ లేదు. మళ్లీ మోనోరైలెక్కి మ్యాజిక్ కింగ్‌డమ్ దాటి కాంటెంపరరీకి వచ్చేయండి.

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. డిస్నీ వరల్డ్ తలుపులు తెరిచిన 1971 అక్టోబరు 1 నుంచీ ఉన్న హోటల్ ఇది. 'ఏ' అక్షరం ఆకారంలో ఏటవాలుగా లేచిన కట్టడం. మోనోరైలు దాని పక్కన ఆగదు, పొట్టలోంచే దూసుకెళ్తుంది. మీ బోగీ అద్దంలోంచి బయటి వెలుతురు పోయి, ఒక్కసారిగా కింద హోటల్ నాలుగో అంతస్తు, బల్లల దగ్గర టిఫిన్ తింటున్నవాళ్లు, పైకెత్తి చూసే పిల్లల మొహాలు కనిపిస్తాయి. దిగాక మీరూ కిందికొచ్చి ఆ బల్లల దగ్గర కూర్చుని, తలమీద నుంచి రైలు పోవడం చూడాలి. దీన్ని కట్టించిన సంస్థ యూఎస్ స్టీల్. దగ్గర్లోనే ఒక షెడ్డులో గదులకి గదులే తయారుచేసి, క్రేన్‌తో ఎత్తి ఉక్కు చట్రంలోకి తోశారు. మీ నాన్నగారు కట్టుబడి పనుల మీద ఆసక్తి ఉన్నవారైతే ఇది చెప్పండి, ఇంకాసేపు తలెత్తి చూస్తారు.

లిఫ్టుల స్తంభం చుట్టూ తొంభై అడుగుల ఎత్తు పలకల చిత్రం ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ ప్రాంతపు పిల్లలు, పక్షులు, జంతువులతో మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి వేసినది. అందులో ఒక మేకకి ఐదు కాళ్లున్నాయి. అదెక్కడుందో పెద్దవాళ్లెవరూ చెప్పకుండా కనిపెట్టమని పిల్లలకి పందెం వేయండి. మోనోరైలు వైపు ముఖంగా వెతకమని మాత్రం చెప్పొచ్చు. ఆ లోపు మీరు కాఫీ తాగొచ్చు. కౌంటర్లలో మంచు వేసిన నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు, నీళ్ల సీసాలు కొనక్కర్లేదు.

ఇక్కడి నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకి కాలిబాట ఉంది, పది నిమిషాల నడక. పైన చెప్పిన వరస చూస్తే మోనోరైలు ఎందుకొద్దో అర్థమవుతుంది. కాంటెంపరరీలో ఎక్కితే టీటీసీ, పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ అన్నీ తిరిగి గానీ మ్యాజిక్ కింగ్‌డమ్ రాదు. అమ్మగారు నడవలేనంటే ఆ చుట్టు తిరగడం కూడా నష్టం కాదు, కూర్చునే పోతారు. గేటు ముందు, టికెట్ చూసే చోటుకి బయటే, పడవల రేవులున్నాయి. వైల్డర్‌నెస్ లాడ్జ్ పడవ ఏదని అడిగి ఎక్కండి.

ఈ పడవ ప్రయాణంలో ఒక చోటు దాటిపోకుండా చూసుకోండి. మీరు బయల్దేరిన సెవెన్ సీస్ లగూన్ మనుషులు తవ్వినది. వెళ్లబోయే బే లేక్ ఎప్పటి నుంచో ఉన్న చెరువు. రెండింటినీ కలిపే కాలువ కింద నుంచి కార్ల రోడ్డు పోతుంది. అంటే పడవ వంతెన మీద, కార్లు నీళ్ల కింద. పక్కకి తిరిగి చూస్తే రోడ్డు దిగువకి దిగి మీ కిందికి దూరిపోవడం కనిపిస్తుంది. లగూన్ తవ్విన మట్టినే మ్యాజిక్ కింగ్‌డమ్ కింద పోసి నేల ఎత్తు పెంచారు. గురువారం మీరు ఆ పార్కులో నడిచేది నిజానికి రెండో అంతస్తు. కింద ఉద్యోగులు తిరిగే సొరంగాలున్నాయి.

వైల్డర్‌నెస్ లాడ్జ్ 1994లో వచ్చింది. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని పాత చెక్క లాడ్జిని మనసులో పెట్టుకుని కట్టారు. లాబీ అంతా పెద్ద పెద్ద దుంగలు, చెక్కిన టోటెమ్ స్తంభాలు, ఒక మూల ఎనభై రెండడుగుల ఎత్తు రాతి పొయ్యి. ఆ పొయ్యి రాళ్ల పొరలు గ్రాండ్ కాన్యన్ పొరల వరసలో పేర్చారు. పొయ్యి ముందు ఊగే కుర్చీలున్నాయి. మా అత్తగారు ఒకసారి అందులో కూర్చుని గంటసేపు లేవలేదు, మేం అడగనూ లేదు. లాబీలోనే ఊరే నీటి బుగ్గ చిన్న వాగై గడప దాటి బయటికి పోయి ఈతకొలను వైపు పారుతుంది. పిల్లలు ఆ వాగు వెంట నడుస్తూ చెరువు ఒడ్డుకొస్తే, అక్కడ గంటకోసారి నీళ్లు పైకి చిమ్మే గీజర్ ఉంది. డిస్నీ హోటళ్లలో ఒక్కటే చూపించమంటే నేను ఎవరినైనా ఇక్కడికే తీసుకొస్తాను.

ఇక ఆ రోజుకి ఉన్న ఒక్క బస్సు మార్పు ఇక్కడ వాడుకోవాలి. వైల్డర్‌నెస్ లాడ్జ్ ముందు నుంచి యానిమల్ కింగ్‌డమ్ పార్కు బస్సెక్కి, ఆ పార్కు బస్టాప్‌లో దిగి, అక్కడే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ బస్సు ఎక్కండి. రెండో ప్రయాణం చిన్నదే. ఈ లాడ్జ్‌కి మోనోరైలూ లేదు, పడవా లేదు, అందుకే చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. గదుల వెనక వైపంతా ఆఫ్రికా గడ్డి మైదానంలా పెంచిన నేల. జిరాఫీలు, జీబ్రాలు, రకరకాల జింకలు తిరుగుతుంటాయి. కంచె కనబడనివ్వరు. చూడ్డానికి కట్టిన గట్ల మీద ఎవరైనా నిలబడొచ్చు, పైసా లేదు. అంకోలే అనే ఆఫ్రికా పశువులు కూడా ఉంటాయి, కొమ్ములు ఒక్కోటి మనిషి చెయ్యంత పొడుగు. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగిన మీ నాన్నగారు అక్కడి నుంచి కదలడం కష్టమని ముందే చెప్తున్నాను.

భోజనం కూడా ఇక్కడే. ఈ లాడ్జ్‌లో జాంబో హౌస్, కిడాని విలేజ్ అని రెండు భాగాలు. కిడానిలో సనా అనే రెస్టారెంటు ఉంది. వంట ఆఫ్రికా, భారత్ కలిసినట్టు ఉంటుంది. బ్రెడ్ సర్వీస్ అని అడగండి. నాన్, కుల్చా, పరాఠా లాంటి రొట్టెలు, వాటితో తొమ్మిది గిన్నెల్లో రైతా, చట్నీలు, పచ్చళ్లు వస్తాయి. ఆరుగురికి రెండు చెప్పి, పైన ఒకటో రెండో శాకాహార కూరలు తీసుకుంటే సరిపోతుంది. కారం మన నాలుకకి చాలదు, ఆవకాయ చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే బ్యాగులోంచి తీయండి. కిటికీ పక్క బల్ల దొరికితే తింటూ జిరాఫీల్ని చూడొచ్చు. బుకింగ్ అరవై రోజుల ముందు తెరుస్తారు, డిస్నీ యాప్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ప్రయత్నించండి. ఈ బుకింగ్ ఇంకో రకంగానూ పనికొస్తుంది. రద్దీ వల్ల ఎవరైనా 'హోటల్‌కి ఎందుకు వెళ్తున్నారు' అని అడిగితే ఫోన్‌లో అదే చూపించండి.

నాలుగున్నర, అయిదు మధ్య లాడ్జ్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సెక్కండి, ఇది నేరు బస్సే. గేటు దగ్గర దిగి ఈసారి మోనోరైలు కాకుండా పెద్ద ఫెర్రీ ఎక్కి టీటీసీకి రండి. వందల మంది పట్టే రెండంతస్తుల పడవ. పైఅంతస్తులో వెనక వైపు నిలబడితే మ్యాజిక్ కింగ్‌డమ్ కోట నీళ్ల మీద దూరమవుతూ కనిపిస్తుంది. టీటీసీ నుంచి పాలినీషియన్‌కి నడిచి వెళ్లే దారి ఉంది, దూరం తక్కువే. ఆ హోటల్ ముందున్న ఇసుక ఒడ్డున కుర్చీల్లో కూర్చుంటే చెరువుకి అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా కనిపిస్తుంది. అనాస రుచి డోల్ విప్ ఐస్‌క్రీం ఆ పక్కనే దొరుకుతుంది. సుమారు తొమ్మిది గంటలకి ఎలక్ట్రికల్ వాటర్ పేజంట్ అని, దీపాలతో చేసిన పాములు, తాబేళ్లు, తిమింగలాలు పడవల వరసలా నీళ్ల మీద పోతాయి. 1971 నుంచీ ఉన్నది, పాతకాలపు తిరునాళ్ల సంబరంలా ఉంటుంది గానీ మా పిల్లలు ఇప్పటికీ చప్పట్లు కొడతారు. రెండూ ఏ సమయానికో ఆ రోజు యాప్‌లో చూసుకోండి. ఇదంతా అయ్యాక పార్కులోంచి వేలమంది మోనోరైలు కోసం వరస కడుతుంటే మీరు నడుచుకుంటూ కారు దగ్గరికి పోతారు.

పిల్లల్ని మాత్రం ఆ ఒడ్డున నీళ్లలో కాలు పెట్టనివ్వకండి. ఫ్లోరిడాలో ఏ చెరువులోనైనా ఎలిగేటర్ ఉండొచ్చు, బోర్డులు, కంచెలు ఊరికే పెట్టలేదు.

ఇక స్కైలైనర్. శనివారం ఎప్‌కాట్‌లో ఎలాగూ ఉంటారు కదా, పిల్లలతో పొద్దున్నే వెనక గేటు నుంచి బయటికొచ్చి స్కైలైనర్ ఎక్కండి. టికెట్ ఉన్నవాళ్లు బయటికెళ్లి అదే రోజు మళ్లీ లోపలికి రావచ్చు. 2019లో మొదలైన ఈ కేబుల్ కార్లు రివియెరా హోటల్ మీదుగా కరీబియన్ బీచ్ అనే కూడలికి పోతాయి. అక్కడ దిగి, ఒక వరస పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్లకి, ఇంకోటి హాలీవుడ్ స్టూడియోస్ పార్కుకి. పాప్ సెంచరీలో ఇళ్లంత రూబిక్ క్యూబ్, బౌలింగ్ పిన్నులు ఉంటాయి, పిల్లలకి గ్రాండ్ ఫ్లోరిడియన్ కన్నా అదే గొప్ప. స్టేషన్లో క్యాబిన్ పూర్తిగా ఆగదు, మెల్లగా కదులుతుండగా ఎక్కాలి. అమ్మగారికి భయమైతే సిబ్బందికి చెప్పండి, వీల్‌చెయిర్లకీ నెమ్మదిగా ఎక్కేవాళ్లకీ ఆగే క్యాబిన్లు వేరుగా ఉంటాయి. ఏసీ ఉండదు. ఉరుములు మెరుపులు వస్తే ఆపేస్తారు, వేసవిలో మధ్యాహ్నాలు అది రోజూ ఉండే తంతే కాబట్టి పొద్దున్నే అన్నాను.

వీల్‌చెయిర్ గురించి మొహమాటపడకండి. పెద్దవాళ్లందరూ 'నాకెందుకు, నేను నడుస్తా' అనే అంటారు. శుక్రవారం ఎంత తక్కువ తిరిగినా మూడు నాలుగు మైళ్లు పడుతుంది. బయట అద్దెకిచ్చే కంపెనీల దగ్గర ఒకటి తీసుకుని కారులో పడేయండి. బస్సులు, మోనోరైలు, ఫెర్రీ అన్నిట్లోకీ అది ఎక్కుతుంది. పిల్లల స్ట్రోలర్ బస్సులో మడవాలి, మోనోరైలులో మడవక్కర్లేదు.

అమ్మగారికి మధ్యాహ్నమే ఓపిక అయిపోతే ఏది వదలాలో కూడా చెప్తాను. గ్రాండ్ ఫ్లోరిడియన్ వదిలేయండి, మోనోరైలు కిటికీలోంచి చూస్తే చాలు. డిస్నీ స్ప్రింగ్స్ నుంచి పోర్ట్ ఓర్లీన్స్ హోటల్ వైపు వెళ్లే నది పడవ చాలా బాగుంటుంది, కానీ దాన్ని ఈ రోజులో ఇరికించొద్దు, ఇంకో సాయంత్రం పెట్టుకోండి. మీ తేదీలు క్రిస్మస్ వారంలో గానీ, జులై 4 దగ్గర గానీ పడితే మోనోరైలు హోటళ్లలోకి బుకింగ్ లేనివాళ్లని రానివ్వకపోవచ్చు. అప్పుడు పొద్దున కాంటెంపరరీలోనో, పాలినీషియన్‌లోనో టిఫిన్‌కి కూడా ఒక బుకింగ్ పెట్టుకుని బయల్దేరండి.